మోటారు ముందుకు జరిపాక బరువు ఎక్కడికి వెళ్లింది: ఒక ఆర్‌సీ బగ్గీ ఛాసిస్ మార్పిడి కేసు

రేడియో కంట్రోల్ (ఆర్‌సీ) ఆఫ్‌రోడ్ బగ్గీలు, అంటే మట్టి ట్రాకుల మీద రిమోట్‌తో నడిపే చిన్న పందెం బండ్లు, నడపడం, విప్పి బిగించడం నాకు చాలా ఏళ్ల అలవాటు. వారాంతాల్లో మా ట్రాకు దగ్గర ఒక బల్ల వేసుకుని ఇతరుల బగ్గీలు కూడా చూస్తుంటాను. ఛాసిస్ (బండి అడుగు చట్రం) మార్పిడి కిట్లు బిగించాక "బండి ముందుకన్నా చెడిపోయింది" అంటూ వచ్చేవాళ్లు తరచుగా కనిపిస్తారు. కింది కేసు అలాంటిదే. దీనిలో మూడు వేర్వేరు తప్పులు ఒకే లక్షణం వెనుక దాక్కున్నాయి. వాటిని విడదీయడంలో నేను కూడా ఒక సాయంత్రం వృథా చేశాను. ఆ బగ్గీ తెచ్చిన తండ్రీకొడుకుల అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, ఊరు, కిట్టు తయారీదారు ఎవరన్నది తీసేశాను.

నేపథ్యం

టెక్సాస్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం. అబ్బాయికి పదమూడేళ్లు. బగ్గీ తండ్రిది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇష్టపడి కొనుక్కున్నది. అసలు బండిలో పదో వంతు స్కేలు, వెనుక రెండు చక్రాలకే డ్రైవు, మోటారు వెనుక ఇరుసుకు వెనకాల వేలాడే పాత తరహా అమరిక. కొన్నేళ్లు అటక మీద ఉండి, అబ్బాయి చేతికి వచ్చింది.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అని అడగడం నా బాధ్యత కాబట్టి అడిగాను. తండ్రి ఏమీ అనలేదు. అబ్బాయే జవాబు చెప్పాడు: "నాన్న నడిపిన బండితోనే గెలవాలి అంకుల్." ఆ ప్రశ్న నేను మళ్లీ ఎత్తలేదు. వాళ్లు ఏది వదులుకోవడానికి సిద్ధంగా లేరో ముందే తెలిస్తే తరువాతి నిర్ణయాలు సులువవుతాయి.

వెనుక మోటారు బగ్గీ చెడ్డది కాదు. బయట ఎండలో, దుమ్ములో, వదులు మట్టిలో పందేలు జరిగిన రోజుల్లో వెనుక చక్రాల మీద బరువు ఉండటమే బలం. 1984లో టీమ్ అసోసియేటెడ్ అనే కంపెనీ ఆర్‌సీ10 బగ్గీ తెచ్చినప్పుడు దాని బంగారు రంగు అల్యూమినియం తొట్టి ఛాసిస్ చుట్టూ ఒక చిన్న పరిశ్రమే పుట్టింది. ఆ తొట్టి తీసేసి గ్రాఫైట్ పలక బిగించుకునే కిట్లు అప్పటి నుంచే ఉన్నాయి. తరువాత ట్రాకులు మారాయి. ఇండోర్ హాళ్లలో నీళ్లు చల్లి గట్టిపరచిన బంకమట్టి, కార్పెట్, కృత్రిమ గడ్డి వచ్చాయి. పట్టు పెరిగిన చోట వెనుక బరువు అవసరం తగ్గింది, ముందు చక్రాలు తిరగడం ముఖ్యమైంది. ఎక్స్ ఫ్యాక్టరీ వంటి చిన్న సంస్థలు పెద్ద కంపెనీల భాగాలే తీసుకుని మోటారును ఇరుసు ముందుకు తెచ్చిన బగ్గీలు చేశాయి. 2011 నాటి టీఎల్‌ఆర్ (టీమ్ లోసీ రేసింగ్) 22 బగ్గీ ఒకే పెట్టెలో రెండు అమరికలకూ భాగాలు ఇచ్చింది. 2013లో అసోసియేటెడ్ బీ5 (వెనుక మోటారు), బీ5ఎం (ఇరుసు ముందు మోటారు) అని రెండు వేర్వేరు బగ్గీలుగా అమ్మింది. ఆ మధ్య కాలంలో పాత బండి ఉన్నవాళ్లకు దారి మార్పిడి కిట్టే. మన కేసులోని కిట్టు కూడా ఆ రోజులదే, వాళ్లు సెకండ్ హ్యాండులో కొన్నారు.

వచ్చిన సమస్య

మార్పిడికి ముందు అబ్బాయి ఫిర్యాదు స్పష్టంగా ఉంది. ఇండోర్ బంకమట్టి ట్రాకు మీద ముందు చక్రాలు తిరగవు, మలుపులో బండి వెడల్పుగా పోతుంది. 5 నిమిషాల హీట్‌లో (ఒక విడత పందెంలో) 13 ల్యాపులు.

కిట్టు బిగించాక ఫిర్యాదు తలకిందులైంది. మలుపులోకి వెళ్లేటప్పుడు ముక్కు కొరికినట్టు లోపలికి పోతుంది, థ్రాటిల్ (వేగం పెంచే మీట) తాకగానే వెనుక భాగం గిర్రున తిరుగుతుంది. బ్రేకు వేసినా అంతే. ల్యాపులు 11కి పడిపోయాయి. మోటారు కూడా విపరీతంగా వేడెక్కుతోంది. నేను చూసిన రోజున ఒక హీట్ పందెం ముగిసేసరికి 84 డిగ్రీలు. ముట్టుకుంటే చేయి వెనక్కి తీసుకోవలసిందే.

"అన్నా, కిట్టే మంచిది కాదేమో. పాతది మళ్లీ బిగించేయనా?" అని తండ్రి అడిగారు. వారం రోజులు ఆగమన్నాను.

వాళ్లు అప్పటికే చేసినవి

ఆయన చేసిన పనులన్నీ వరుసగా రాయమన్నాను. దాచకుండా రాశారు. ఆ కాగితమే ఈ కేసుకు తాళం చెవి.

బిగించిన మొదటి రోజు థ్రాటిల్ నొక్కితే బండి వెనక్కి పోయింది. ఇది సహజమే. ఇలాంటి కిట్లలో పాత గేర్‌బాక్సునే నిలువు అక్షం చుట్టూ సగం తిప్పి పెడతారు, అందుకే మోటారు ఇరుసు ముందుకు వస్తుంది. పెట్టె తిరిగింది కాబట్టి మోటారు ఇప్పుడు వ్యతిరేక దిశలో తిరగాలి. ఆయన మోటారు తీగల్లో ఏ, సీ రెండింటినీ మార్చి అతికారు. సెన్సరు లేని మోటారైతే అది సరిపోయేది. వీళ్లది మోటారు ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పే సెన్సరు తీగ ఉన్న బ్రష్‌లెస్ మోటారు. అందులో ఏ, బీ, సీ తీగలు వేటి స్థానంలో అవే ఉండాలి. దిశను స్పీడ్ కంట్రోలర్ (మోటారుకు విద్యుత్తును అదుపు చేసి పంపే పరికరం) ప్రోగ్రాములోనే మార్చాలి. తీగలు మార్చడంతో మోటారు వణికింది, అక్కడితో ఆపి కంట్రోలర్ మాన్యువల్ చూసి సరిచేశారు. ఆ సమస్య తీరిందనుకున్నారు. సగమే తీరింది. మిగతా సగానికి తరువాత వస్తాను.

రెండోది బరువు. కిట్టులో పొడవాటి బ్యాటరీ పట్టదు. 300 గ్రాముల బ్యాటరీ స్థానంలో 205 గ్రాముల పొట్టి బ్యాటరీ వచ్చింది. దాంతో బండి 1435 గ్రాములకు తగ్గిపోయింది. ఈ తరగతిలో కనీస బరువు 1474. లోటు పూడ్చడానికి ఆయన 65 గ్రాముల ఇత్తడి దిమ్మ తెప్పించి ముక్కులో, సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు) కింద బిగించారు. ఆయన తర్కం ఇది: "ముందు చక్రాలు తిరగడం లేదనే కదా ఇదంతా మొదలుపెట్టాం. వేసే బరువు ఏదో అక్కడే వేద్దామనుకున్నాను." విడిగా చూస్తే తప్పు పట్టలేని ఆలోచన. కానీ ఆ జబ్బుకు మందు అప్పటికే పడింది. మోటారు ముందుకు జరగడమే ఆ మందు.

మూడోది టైర్లు. వెనుక రెండు కొత్త జతలు మార్చారు, తేడా లేదు. డిఫ్ (వెనుక చక్రాలు రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్) వదులు చేశారు, తేడా లేదు.

నా మొదటి పొరపాటు

వెనుక జారుతోంది కాబట్టి వెనుక స్ప్రింగులు మెత్తవి వేశాను, షాక్ ఆయిల్ పలుచన చేశాను. అలవాటుగా చేయి అటే పోయింది. సాయంత్రమంతా అబ్బాయి నడిపాడు. ఎడమ మలుపుల్లో కొంచెం మెరుగైంది. కుడి మలుపుల్లో అలాగే తిరిగిపోతోంది.

అబ్బాయే ఆ తేడా పట్టాడు. డ్రైవర్ల స్టాండు మీది నుంచి దిగి, "అంకుల్, ఎడమ వైపు నమ్మకంగా తిప్పగలుగుతున్నాను. కుడి వైపు మాత్రం భయంగా ఉంది" అన్నాడు. అది విన్నాక నేను చేసిన పని సరైన వరుసలో లేదని అర్థమైంది. రెండు వైపులా ఒకేలా జారితే స్ప్రింగులు, టైర్లు, బరువు గురించి ఆలోచించాలి. ఒక వైపే జారితే ఛాసిస్ మెలి తిరిగిందేమో ముందు చూడాలి. మెలి ఉన్న బండికి స్ప్రింగులు మార్చడం వంకర బల్ల మీద తూకం వేసినట్టే. ఏ కొలతా నమ్మకంగా రాదు. పాత స్ప్రింగులు, పాత ఆయిల్ తిరిగి వేసి మొదటికి వచ్చాను.

మెలి

పరీక్ష చాలా చిన్నది. బండిని మందమైన గాజు పలక మీద పెట్టి, కిందికి నొక్కి వదిలి షాకులు స్థిరపడనిచ్చాను. పలుచని కత్తి మొనను ముక్కు కింద సరిగ్గా నడిమి గీత మీద ఆనించి మెల్లగా లేపాను. ముందు చక్రాలు రెండూ ఒకేసారి గాజు వదలాలి. ఎడమ చక్రం ముందే లేచింది. కుడిది ఇంకా అంటుకునే ఉంది. దాని కింద కాగితం ముక్క దూర్చబోతే దూరలేదు. అబ్బాయి గాజుకు చెంప ఆనించి అదంతా చూశాడు.

ముందు షాకులు రెండూ తీసి పొడవు పోల్చాను, సమానం. వెనుకవీ సమానం. అంటే మెలి ఛాసిస్ పలకలోనే ఉంది. ఆ పలక 2.5 మిల్లీమీటర్ల కార్బన్ ఫైబర్. విడిగా తీసి గాజు మీద పెడితే చదునుగా ఉంది. కాబట్టి బిగింపులో ఏదో దాన్ని మెలిపెడుతోంది.

గేర్‌బాక్సు కింద నాలుగు అల్యూమినియం దిమ్మెలు ఉన్నాయి. కాలిపర్‌తో కొలిస్తే మూడు 5.0 మిల్లీమీటర్లు, ఒకటి 4.6. చూపుకు నాలుగూ ఒకటే. సెకండ్ హ్యాండు కిట్టు కాబట్టి వెనకటి యజమాని దగ్గర ఎక్కడో మారిపోయి ఉంటుంది. 0.4 మిల్లీమీటర్ల తేడాను నాలుగు స్క్రూలు బలంగా లాగి పలకకు పంచిపెట్టాయి. అదే మెలి.

కొత్త దిమ్మె వేశాను. స్క్రూలన్నీ సగం వరకే బిగించి, పలకను గాజు మీద చేత్తో అదిమి పట్టుకుని, మూల నుంచి ఎదురు మూలకు మార్చి మార్చి బిగించాను. ఈ వరుస ముఖ్యం. ఒక వైపంతా ముందే బిగిస్తే మంచి దిమ్మెలతో కూడా పలక మెలి తిరుగుతుంది. కత్తి మొన పరీక్ష మళ్లీ చేస్తే రెండు చక్రాలూ కలిసి లేచాయి.

పలక బయటికి తీసినప్పుడే దాని అంచులు చూశాను. పొరలు విడిపోవడం మొదలైంది. అంచులను తడి గరుకు కాగితంతో రుద్ది, సూపర్ గ్లూ సన్నగా పూసి ఆరబెట్టాను. ఇది ఎవరు చేసినా మాస్కు పెట్టుకుని, నీళ్లతో తడుపుతూనే రుద్దాలి. కార్బన్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అబ్బాయిని ఆ పని దగ్గరికి రానివ్వలేదు.

తూకం

కుడి, ఎడమలు ఇప్పుడు సమానం. రెండు వైపులా సమానంగా జారుతోంది. ఇక బరువు సంగతి.

దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. వంటింటి డిజిటల్ తూకం మీద ముందు చక్రాలు పెట్టి, వెనుక చక్రాల కింద తూకం అంత ఎత్తు పుస్తకాలు పెట్టాను. అదృష్టవశాత్తు పాత ఛాసిస్ విప్పిన భాగాలన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయి. ఒక ఆదివారం పాత అమరికను కూడా బిగించి తూచాం. అనవసర శ్రమ అని తండ్రికి అనిపించింది. నాకు మాత్రం అది లేకుండా ముందుకు వెళ్లడం ఇష్టం లేదు. బండి ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో తెలియకపోతే ఎంత వెనక్కి రావాలో ఎలా తెలుస్తుంది?

పాత అమరికలో మొత్తం 1530 గ్రాములు, ముందు 520. అంటే ముందు భాగం మీద 34 శాతం. మార్చిన తరువాత, ఇత్తడి దిమ్మతో కలిపి, మొత్తం 1500, ముందు 614. అంటే 41 శాతం. వెనుక చక్రాలు ఒకప్పుడు 1010 గ్రాములు మోసేవి, ఇప్పుడు 886 మాత్రమే మోస్తున్నాయి.

ఆ 94 గ్రాముల తేడా ఎలా వచ్చిందో కాగితం మీద విడదీశాం. మోటారు సుమారు 170 గ్రాములు, దాదాపు 95 మిల్లీమీటర్లు ముందుకు జరిగింది. ఇరుసుల మధ్య దూరం 280. గుణించి భాగిస్తే ముందుకు 58 గ్రాములు. ముక్కులోని ఇత్తడి వల్ల మరో 58. బ్యాటరీ తేలికైనందువల్ల 22 తగ్గింది. అంటే ఒక చిన్న ఇత్తడి దిమ్మ మోటారును జరిపినంత పని చేసింది. అబ్బాయి బడిలో తులాదండం పాఠం అప్పటికే చదివాడు. లెక్క వాడే చేశాడు, వాళ్ల నాన్న సరిచూశారు.

దీనికి తోడు మరొకటి. వెనుక బరువు తగ్గినా షాకుల కాలర్లు (బండి ఎత్తు సర్దే ఉంగరాలు) ఎవరూ ముట్టుకోలేదు. తేలికైన వెనుక భాగం పైకి లేచి 27 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది, బరువెక్కిన ముక్కు 21కి దిగింది. బండి నిలబడి ఉండగానే ముందుకు వంగి ఉంది. ముక్కు కొరకడానికి, వెనుక వదిలేయడానికి ఇది కూడా సాయపడింది.

ముక్కులోని ఇత్తడి తీసేశాను. కనీస బరువు కోసం 50 గ్రాముల పలుచని ఇత్తడి రేకును గేర్‌బాక్సు కింద, తేలికైన వెనుక భాగంలో పెట్టాను. మొత్తం 1485, ముందు 567. 38 శాతం. ఎత్తు ముందూ వెనుకా 22. స్ప్రింగులు, ఆయిల్, టైర్లు ముట్టుకోలేదు. ఒక మార్పు ఏం చేసిందో తెలియాలంటే మరొకటి దాని మీద పెట్టకూడదు.

ఆ వారం 13 ల్యాపులు వచ్చాయి. మలుపు లోపలికి వెళ్లడం బాగుంది, బ్రేకులో వెనుక భాగం నిలబడింది. ట్రాకు తడిగా ఉన్నంతసేపు అంతా బాగుంది. రాత్రి ఎనిమిది తరువాత మట్టి ఆరి పైన సన్నని దుమ్ము చేరేసరికి మలుపు బయటికి వచ్చేటప్పుడు మళ్లీ జారింది. మోటారు వేడి మాత్రం అసలు తగ్గలేదు.

మిగిలిన సగం

వేడి సంగతి ముందు చెప్పిన దిశ మార్పులోనే ఉంది. మోటారు వెనుక మూత తిప్పి టైమింగ్ (మోటారు చుట్లకు విద్యుత్తు అందే క్షణం) ముందుకు జరుపుతారు. అది ఒక దిశలోనే లాభం. అదే మోటారును వ్యతిరేక దిశలో తిప్పితే, ముందుకు జరిపిన టైమింగ్ వెనక్కి లాగుతుంది. కంట్రోలర్‌లో దిశ మార్చారు కానీ మూత అలాగే ఉంది. మోటారు కష్టపడుతోంది, వేగం రావడం లేదు, వేడెక్కుతోంది.

రెండు దారులు కనిపించాయి. మూతను సున్నా దాటించి అటు వైపు తిప్పడం ఒకటి. వీళ్ల మోటారులో మూత అంత దూరం తిరగదు, మోటారు మార్చాలి. రెండోది గేర్‌బాక్సులో నాలుగో గేరు చేర్చడం. మధ్యలో మరొక గేరు వస్తే దిశ మళ్లీ తిరగబడుతుంది, మోటారు తన సహజ దిశలోనే తిరగవచ్చు.

నేను రెండోది ఎంచుకోవడానికి అసలు కారణం వేడి కాదు. మూడు గేర్ల పెట్టెలో మోటారు రోటరు (లోపల తిరిగే భాగం) చక్రాలకు ఎదురు దిశలో తిరుగుతుంది. అది ఒక్కసారిగా వేగం అందుకున్నప్పుడు దాని ప్రతిచర్య ముక్కును కిందికి నొక్కుతుంది, వెనుక చక్రాల మీదికి రావలసిన బరువును కొంత ఆపేస్తుంది. బాగా పట్టున్న కార్పెట్ మీద అది వరం. ఆరిన మట్టి మీద, అబ్బాయి ఇబ్బంది పడే సరిగ్గా ఆ చోట, నష్టం. నాలుగు గేర్లతో రోటరు చక్రాల దిశలోనే తిరుగుతుంది, ప్రతిచర్య వెనుక చక్రాలను నేలకు అదుముతుంది. రెండు సమస్యలకు ఒకే భాగం.

మూల్యం లేకపోలేదు. అదనపు గేరు కొంత శక్తి తింటుంది. గాలిలో ఉన్నప్పుడు థ్రాటిల్ ఇస్తే ముక్కు ఎక్కువ లేస్తుంది, బ్రేకు వేస్తే ఎక్కువ దిగుతుంది. నేర్చుకుంటున్న అబ్బాయికి ఇది కష్టం కావచ్చని ముందే చెప్పాను. "నేర్చుకుంటాను అంకుల్" అన్నాడు. వాళ్ల నాన్న వైపు చూశాను. ఆయన సరే అన్నారు.

ఆ గేర్‌బాక్సుకు సరిపడే నాలుగు గేర్ల కేసు విడిగా దొరికింది. దిశను కంట్రోలర్‌లో మామూలుకు మార్చాం. మోటారు మరో 15 మిల్లీమీటర్లు ముందుకు వెళ్లింది కాబట్టి మళ్లీ తూచాం. మొత్తం 1492, ముందు 577. ఎత్తు సరిచూసి, కత్తి మొన పరీక్ష మరోసారి చేసి ట్రాకు మీద దించాం.

మొదటి రోజు అబ్బాయి పెద్ద జంపు దగ్గర రెండుసార్లు ముక్కు మీద పడ్డాడు. గాలిలో బ్రేకు తాకే పాత అలవాటు. నేనేమీ సర్దలేదు. దానికోసం బరువు మళ్లీ కదిలిస్తే మలుపుల్లో దొరికినది పోతుంది. రెండు వారాల్లో వేలు తనంతట తానే నేర్చుకుంది. మోటారు 61 డిగ్రీలు. ఆరిన ట్రాకు మీద 14 ల్యాపులు.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

మార్పిడి కిట్టుతో వచ్చేవాళ్లను ఇప్పుడు నేను మొదట అడిగేది పాత అమరికలో తూచిన అంకె. లేదంటే, విప్పే ముందు తూచి రమ్మంటాను. ఆ తరువాతే గాజు పలక, కత్తి మొన. ఆ రెండూ అయ్యేవరకు స్ప్రింగుల డబ్బా మూత తీయను. సెకండ్ హ్యాండు కిట్టులోని ప్రతి దిమ్మెనూ, ప్రతి వాషరునూ కాలిపర్‌తో కొలుస్తాను. జతలుగా ఉండవలసినవాటిని అస్సలు నమ్మను. డ్రైవరు మాట విషయంలోనూ మారాను. "జారుతోంది" అనగానే ఎటు వైపు, థ్రాటిల్‌లోనా బ్రేకులోనా, ట్రాకు తడిగా ఉన్నప్పుడా ఆరాకా అని ముందు అడిగి రాసుకుంటాను. ఈ కేసులో ఆ జవాబులు మూడు వేర్వేరు తప్పుల వైపు చూపించాయి. మొదటి సాయంత్రమే అడిగి ఉంటే అబ్బాయికి ఆ సాయంత్రం దక్కేది.

ఒకటి ఇంకా తేలలేదు. నాలుగో గేరు బేరింగు రెండు నెలలకే గరగరమంటే తీసేశాం. మట్టి ధూళి లోపలికి పోతోందా, కేసు అమరికలో సన్నని వంకర ఉందా అన్నది ఇంకా చూడాలి. అబ్బాయి ఆ బేరింగును చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, మీద తేదీ రాసి, ట్రాన్స్‌మిటర్ పెట్టెలో దాచాడు. పెట్టె మూత లోపలి వైపు అతికించిన కాగితం మీద నాలుగు వరుసల అంకెలు ఉన్నాయి. మొదటి వరుస వాళ్ల నాన్న నడిపిన రోజులది.